వాస్తు చూపించాం, ఈసీ తీయించాం... శ్లాబు ఎవరు చూశారు?

మా పెద్దమ్మ కొడుకు కొన్నేళ్ల కిందట నెల్లూరులో, వేదాయపాళెం వైపు ఒక డాబా ఇల్లు కొన్నాడు. పాతికేళ్ల నాటిది. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్, ముందర వేపచెట్టు. కొనే ముందు ఆయన చేసిన పనులు వింటే ఎవరైనా మెచ్చుకుంటారు. ముప్పయ్యేళ్లకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాడు, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకు చూపించి ఒపీనియన్ రాయించుకున్నాడు, ఒకరికి ఇద్దరు సిద్ధాంతుల్ని తీసుకెళ్లి ఈశాన్యం కొలిపించాడు, వాళ్లు చెప్పారని వంటింటి గుమ్మం కాస్త పక్కకు జరపడానికి బేల్దారి మేస్త్రీని కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. ఇల్లు చూసింది మే నెలలో. కొత్త రంగు వేసి తళతళలాడుతోంది. శ్రావణంలో గృహప్రవేశం. దీపావళి వెళ్లాక వాయుగుండం పట్టి నాలుగు రోజులు వదలకుండా వాన. ఐదో రోజు పొద్దున వంటింటి శ్లాబు అడుగు నుంచి తలగడంత పెచ్చు ఊడి సరిగ్గా గ్యాసు పొయ్యి మీద పడింది. వదిన అప్పుడే పాలు దించుకుని ముందు గదిలోకి వెళ్లింది కాబట్టి సరిపోయింది. పైకి చూస్తే పొరలు పొరలుగా తుప్పు లేచిన చువ్వలు.

"అన్నీ చూపించాను కదరా" అన్నాడు నాతో. నిజమే, అన్నీ చూపించాడు. ఇంటిని మాత్రం ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాత ఆయనతో పాటు ఇంజనీర్ల చుట్టూ తిరిగినప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. ఇల్లు కొనేటప్పుడు మనం తీసుకునే ఒక్కో కాగితం ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్తుంది. మనమేమో అన్నింటినీ కలిపేసి "ఇల్లు బాగుంది" అని ఒకే జవాబు రాసుకుంటాం. ఈసీ చెప్పేది ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు ఏమున్నాయో. లాయరు చెప్పేది అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందో లేదో. ప్లాను అప్రూవల్ చెప్పేది కాగితం మీద గీసిన బొమ్మ నిబంధనలకు సరిపోయిందని, అంతే. కట్టింది ఆ బొమ్మ ప్రకారమే అని తెలియాలంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉండాలి, పాత ఇళ్లలో చాలామంది దగ్గర అది ఉండదు.

బీపీఎస్ కాగితం దగ్గరైతే ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. ప్లానుకు మించి కట్టిన భాగానికి అపరాధ రుసుం కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం అది. రెండంతస్తులకు అనుమతి తెచ్చుకుని మూడోది కూడా లేపిన ఇంటికి బీపీఎస్ వచ్చిందంటే, ఆ మూడో అంతస్తును కూల్చే భయం తగ్గిందని అర్థం. రెండంతస్తుల కోసం వేసిన పునాది మూడోదాన్ని మోస్తుందని కాదు. అమ్మేవాళ్లు మాత్రం "బీపీఎస్ కూడా అయిపోయిందండీ, ఇంకేం టెన్షన్ లేదు" అంటారు, మనమూ తలూపుతాం.

"బ్యాంకు ఊరికే లోను ఇస్తుందా, అన్నీ చూసుకునే ఇస్తుంది" అనే మాట కూడా వినే ఉంటారు. బ్యాంకు పంపే వాల్యూయర్ వస్తాడు, కొలుస్తాడు, ఫోటోలు తీస్తాడు, ఆ వీధిలో రేటెంతో కనుక్కుంటాడు. ఆయనకు కావలసింది రేపు మీరు ఈఎంఐ కట్టకపోతే ఈ ఆస్తి అమ్మితే ఎంత వస్తుందనేది. భవనానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందో రిపోర్టులో ఒక గడిలో రాస్తాడు, కానీ మామూలుగా అది ఇంటి వయసును బట్టి, పైపైన చూసి వేసే అంకె. ఆయన సుత్తి తెచ్చి మీ సన్‌షేడ్ తట్టి చూడడు. ఆయన పని అది కాదు, తప్పు పట్టడానికీ లేదు.

ఇక చట్టం. అమ్మినవాడు లోపం దాచాడు కాబట్టి కోర్టులో పట్టుకోవచ్చు కదా అని మా అన్న కూడా అన్నాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. అమ్మేవాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని కొనేవాడికి చెప్పి తీరాలని అందులో ఉంది, చెప్పకపోతే మోసం కిందికి వస్తుందని కూడా ఉంది. అయితే ఒక మెలిక. ఆ లోపం కొనేవాడికి తెలియనిదై ఉండాలి, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదై ఉండాలి. అంటే కళ్లు పెట్టి చూస్తే దొరికే పగులుకు, చెమ్మకు అమ్మినవాడి బాధ్యత లేదన్నమాట. చూసుకోకపోవడం మీ తప్పు. పైగా అతనికి ఆ లోపం ముందే తెలుసని మీరే నిరూపించాలి. రంగు వేయించడం నేరం కాదు కదా.

కొత్త ఫ్లాటు అయితే పరిస్థితి కాస్త మెరుగు. 2016 రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం గానీ పనితనంలో లోపం గానీ బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, ముప్పయ్ రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. మొదట కొన్నవాడి దగ్గర ఆ అయిదేళ్ల లోపే మీరు కొన్నా ఆ హక్కు మీకూ వస్తుంది, ఎందుకంటే తర్వాత చేతులు మారి పొందినవాళ్లను కూడా చట్టం కొనుగోలుదారు కిందే లెక్కేసింది. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మన ఊళ్ల సందుల్లో అంతస్తుకు ఒకటి రెండు చొప్పున లేచిన చిన్న అపార్ట్‌మెంట్లు ఎన్ని ఈ గీతకు కింద ఉండిపోతాయో మీరే లెక్కేసుకోండి. ఇక సొంతానికి కట్టుకుని పాతికేళ్లు ఉండి అమ్మే డాబా ఇంటికి రెరాతో సంబంధమే లేదు. అక్కడ మీకు మిగిలింది ఆ "మామూలు జాగ్రత్త" ఒక్కటే.

ఆ జాగ్రత్త ఎలా ఉండాలన్నది ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాదులో ఎవరో వీడియో పెట్టిన చెక్‌లిస్టు పట్టుకుని నెల్లూరులో ఇల్లు చూస్తే సగం జబ్బులు దొరకవు. మన దగ్గర మొదటి శత్రువు ఉప్పు.

కాంక్రీటులో చువ్వ ఎందుకు తుప్పు పట్టదో ముందు చెప్పుకోవాలి. కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనపడనంత పల్చటి రక్షణ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంత కాలం చువ్వకు ఏమీ కాదు. దాన్ని తినేసేవి రెండు. ఒకటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి దిగుతూ క్షారాన్ని తగ్గిస్తుంది. రెండోది క్లోరైడ్, అంటే ఉప్పు. ఉప్పు నేరుగా ఆ పొరకే చిల్లులు పెడుతుంది. తుప్పు మొదలైతే ఇనుము ఉబ్బుతుంది, తుప్పు ఎప్పుడూ అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కింద ఉన్న కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. మా అన్న పొయ్యి మీద పడింది అదే.

ఉప్పు మూడు దారుల్లో వస్తుంది. సముద్రపు గాలి ఒకటి. మైపాడు వైపో, ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపో, రామాయపట్నం చుట్టుపక్కలో ఇల్లు చూస్తుంటే దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలు చూస్తే తెలిసిపోతుంది. రెండోది బోరు నీళ్లు. తీరం వైపు ఊళ్లలో ఉప్పు నీళ్లు పడతాయని తెలిసి కూడా ట్యాంకరు ఖర్చు దండగని ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపి, ఆ నీళ్లతోనే తడిపిన ఇళ్లున్నాయి. చువ్వలు వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ చెప్తుంది. మూడోది ఇసుక. పెన్నా ఇసుక దొరికే చోట ఈ బాధ తక్కువ, దొరకని రోజుల్లో తీరం వైపు నుంచి తోలిన ఇసుకతో కట్టిన ఇల్లయితే అనుమానించాల్సిందే. అందుకే అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్నల్లో "ఏ సంవత్సరంలో కట్టారు" ఎంత ముఖ్యమో, "అప్పుడు నీళ్లు ఎక్కడివి, ఇసుక ఎక్కడిది" అన్నదీ అంతే ముఖ్యం. సొంతంగా దగ్గరుండి కట్టించుకున్న పెద్దాయనైతే గర్వంగా అన్నీ చెప్తాడు, అసలు సంగతి ఆయన మాటల్లోనే దొరుకుతుంది.

దీనికి తోడు కవరింగ్. చువ్వకు, బయటి గాలికి మధ్య ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు. పిల్లర్లకు 40 మిల్లీమీటర్లు ఉండాలి. తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటును కోడ్ తీవ్రమైన పరిస్థితి కింద లెక్కేసి 45 మిల్లీమీటర్ల కవరు, ఎం30 గ్రేడు కాంక్రీటు అడుగుతుంది. పాత ఇళ్లకు సెంట్రింగ్ మీద కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు, టైలు ముక్కలు పెట్టి నడిపించేవాళ్లు, కూలీలు తొక్కగానే అవి పక్కకు జారిపోయేవి. శ్లాబు అడుగున చువ్వ గీతలు గీతలుగా కనిపించే ఇల్లు మీరూ చూసే ఉంటారు, కవరు లేదనడానికి అదే సాక్ష్యం.

మరి రంగు వేసిన ఇంట్లో దీన్ని పట్టుకోవడం ఎలా? హాలు చూడొద్దు. హాలు అందరూ బాగానే ఉంచుతారు. సన్‌షేడ్‌ల అడుగు, బాల్కనీ అడుగు, మెట్ల కింది భాగం, బాత్రూమ్‌కు సరిగ్గా కింద ఉన్న గది సీలింగు, వాటర్ ట్యాంకు కూర్చున్న చోటు. ఈ అయిదు చోట్లే తుప్పు ముందు బయటపడేది. చువ్వ ఎటు పోతే అటు తిన్నగా సాగిన పగులు, జానెడు దూరంలో దానికి సమాంతరంగా ఇంకో పగులు, గోధుమరంగు చారలు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ఏమీ కనపడకపోతే తట్టి చూడాలి. సుత్తి పిడితోనో, పెద్ద రూపాయి బిళ్లతోనో తడితే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయింది డొల్ల శబ్దం చేస్తుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూసే మనకు ఇది నేర్పాల్సిన పనేం లేదు. ఒక్క వంటింట్లోనో, ఒక్క గదిలోనో మాత్రమే కొత్తగా జిప్సం సీలింగు కొట్టించి ఉంటే ఒక పలక విప్పి చూపించమని అడగండి. అందానికి చేయించేవాళ్లు హాల్లో చేయించుకుంటారు గానీ వెనక స్టోరు రూములో కాదు.

డాబా మీదికి ఎక్కడం మర్చిపోవద్దు. "పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చండీ, చువ్వలు కూడా వదిలిపెట్టాం" అని చూపించే ఆ పిల్లర్ చువ్వలు పదేళ్లు, పదిహేనేళ్లు ఎండకూ వానకూ నిలబడి సన్నబడి ఉంటాయి. వాటికి కొత్త చువ్వ కట్టి అంతస్తు లేపొచ్చా లేదా అన్నది మేస్త్రీ తేల్చే విషయం కాదు. తుప్పు అక్కడి నుంచి కిందికి, పిల్లరు లోపలికి కూడా దిగుతుంది.

రెండో శత్రువు నేల. ఒంగోలు చుట్టూ నల్లరేగడి. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని చేయి పట్టేంత బీటలిస్తుంది. దాని మీద మామూలు పునాది వేస్తే ఇల్లు ఏటా ఒకసారి లేచి ఒకసారి కూర్చుంటుంది. ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ వేసి, వాటిని నేల మట్టం దగ్గర అడ్డంగా వేసే ప్లింత్ బీములతో కలిపే పద్ధతి ఉంది. వేశారో లేదో పైకి కనపడదు. కనపడేది తలుపులు. వానాకాలంలో పట్టేసి ఎండాకాలంలో వదిలే తలుపు చెక్క ఉబ్బడం వల్ల కావచ్చు. తలుపును కోసి, చిత్రిక పట్టి, గడియ బిల్ల కిందికీ పైకీ మార్చిన గుర్తులున్నాయంటే చెక్క కాదు, గుమ్మమే పక్కకు ఒరిగిందని. రసమట్టం పెట్టి చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

నెల్లూరులో నల్లరేగడి కంటే పూడ్చిన నేలల బాధ ఎక్కువ. నిన్నటిదాకా మాగాణి, ఇవాళ గ్రావెల్ తోలి చదును చేసి రాళ్లు పాతిన లేఅవుట్. తోలిన మట్టిని రోలరుతో అణచకుండా ఆ పైమట్టి మీదే పునాది ఆపేస్తే ఇంట్లో ఒక మూల కుంగుతుంది. కిటికీ మూలల నుంచి ఐమూలగా, ఇటుక మెట్లలా పైకెక్కే పగులు దీని గుర్తు.

పగుళ్ల గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇల్లు చూడ్డానికెళ్లి ప్రతి గీతకూ భయపడేవాళ్లూ ఉన్నారు, గోడ రెండుగా చీలినా "అది ప్లాస్టరింగ్ పగులులెండి" అన్న బ్రోకరు మాట నమ్మేవాళ్లూ ఉన్నారు. ప్లాస్టరింగు మీద సాలెగూడులా అల్లుకున్న సన్నటి పగుళ్లు చాలావరకు సిమెంటు ఎక్కువ వేసి, తడి తక్కువ పెట్టడం వల్ల వచ్చినవి, ఇంటికేం కాదు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిటారుగా వచ్చే గీత రెండు వేర్వేరు పదార్థాలు కలిసే చోటు కాబట్టి వస్తుంది, మెష్ వేసి పూస్తే పోతుంది. పై అంతస్తులో శ్లాబు కింద గోడ చుట్టూ అడ్డంగా తిరిగిన పగులు రోహిణి కార్తె ఎండలకు శ్లాబు సాగి ముడుచుకోవడం వల్ల, దానికి పైన చల్లదనపు పూత గానీ టైల్స్ గానీ కావాలి. ఐమూల పగులు, గోడకు రెండువైపులా ఒకేచోట కనిపించే పగులు, బీము మధ్యలో అడుగు నుంచి పైకి వచ్చిన పగులు, పిల్లరు మీద ఏ పగులైనా... ఇవి ఇంజనీరు చూడాల్సినవి. వెడల్పుకు ఒక చిట్కా ఉంది, ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. దాని అంచు దూరిందంటే కాంక్రీటుకు మామూలుగా కోడ్ ఒప్పుకునే 0.3 మిల్లీమీటర్లకు రెట్టింపు దాటినట్టే. పగులు ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అని తేలాలంటే మాత్రం దాని మీద చిన్న గాజు పట్టీ అడ్డంగా అంటించి కొన్ని వారాలు వదిలేయాలి, కదలిక ఉంటే గాజు పగులుతుంది. అమ్మేవాడు అంత కాలం ఆగడంటారా, ఆగకపోవచ్చు. ఉన్నవాళ్లనే అడగండి ఈ పగులు ఎప్పటి నుంచి ఉందని, పిల్లలు నిజం చెప్తారు.

మూడోది నీళ్లు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో పెద్ద వానలు ఎక్కువగా ఆశ్వయుజం, కార్తీకాల్లోనే, ఈశాన్య రుతుపవనాలతో. అందుకే మా అన్నలాగా మే నెలలో ఇల్లు చూస్తే అది కారుతుందో లేదో దేవుడికే తెలియాలి. కుదిరితే నవంబరులో ఒక ముసురు పట్టిన రోజు వెళ్లండి, కుదరకపోతే డాబా మీద తూములు మూసి నీళ్లు నిలబెట్టి మర్నాడు కింద చూపించమనండి, బాత్రూములకూ అంతే. అలా చేయనివ్వకపోయినా పిట్టగోడ అడుగున మొలిచిన రావి మొక్కల్ని, గోడల మీద జానెడు ఎత్తున తెల్లగా పొంగిన ఉప్పును చూడనివ్వకుండా ఎవరూ ఆపలేరు.

పెన్నా పక్కన ఇంకో ప్రశ్న ఉంది. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటికి పెన్నా పొంగి నెల్లూరులో ఏటి పక్క కాలనీలు, అవతల కోవూరు వైపు ఊళ్లు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. ఆ ఇంటి దగ్గర నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అమ్మేవాడు చెప్పకపోయినా ఎదురింటి అవ్వ చెప్తుంది, చేత్తో గోడ మీద చూపిస్తుంది కూడా. 2015 నవంబరు వానలప్పుడు వీధి ఎలా ఉందో కూడా అడగండి. నీళ్లు వచ్చినంత మాత్రాన ఇల్లు పనికిరాదని కాదు, కింది అరల్లో చెక్క, కింద ఉన్న ప్లగ్గులు, పునాది పక్క మట్టి కోసుకుపోయిందా అన్నది ప్రత్యేకంగా చూడాలని అర్థం.

కింద అంతా పార్కింగుకు వదిలేసి, పిల్లర్ల మీద నాలుగంతస్తులు నిలబెట్టిన అపార్ట్‌మెంటు కొంటుంటే భూకంపం మాట కూడా ఎత్తాలి. మనకేం భూకంపాలు అనుకుంటాం. 1967 మార్చి 27న ఒంగోలులో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది, భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం రాసిన ఐఎస్ 1893 కోడ్ 2016 కూర్పు పటంలో మన ప్రాంతం జోన్ 3లో, అంటే ఓ మోస్తరు ప్రమాదమున్న చోట ఉంది. పైన గోడలతో బిగుసుకుని, కింద గోడలు లేకుండా ఉన్న అంతస్తే ముందు కూలుతుందని 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్ అపార్ట్‌మెంట్లు చూపించాయి. స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. మునిసిపాలిటీకి ఇచ్చిన ప్లాను కాదు, పిల్లరుకు ఎన్ని చువ్వలు, రింగులు ఎంతెంత దూరంలో అని ఉండే డ్రాయింగులు. కొత్త అపార్ట్‌మెంటుకు అవి లేవన్నారంటే అది కూడా ఒక జవాబే.

కరెంటు, నీళ్ల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉందా, టెస్ట్ బటన్ నొక్కితే పడుతుందా, ఎర్తింగు గుంత ఎక్కడుంది, వైర్లు పాత అల్యూమినియంవా. బోరు నీళ్లు బాటిల్లో పట్టి ల్యాబుకు ఇవ్వండి, కనిగిరి, పొదిలి, దర్శి వైపైతే ఫ్లోరైడ్ తప్పకుండా చూపించండి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బోరుకు ఎంత దూరమో అడగండి. చెదలకైతే గుమ్మాల అడుగు భాగం, గోడ అల్మారాల వెనక పలక.

ఇప్పటిదాకా చెప్పింది మన కళ్లతో అయ్యేది. ఇందులో ఏదైనా దొరికితే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఏమీ దొరక్కపోయినా ఇంటి వయసు ఇరవై దాటితే పిలవడమే మంచిదని నా అభిప్రాయం. మేస్త్రీ చాలడా అంటారు. మంచి బేల్దారి మేస్త్రీ కళ్లు చాలామంది ఇంజనీర్ల కంటే చురుకే, కాదనను. కానీ రిపేరు పని తనకే వస్తుందనుకున్నవాడు ఒకలా చెప్తాడు, బ్రోకరు తెచ్చినవాడు ఇంకోలా చెప్తాడు. మీరు ఫీజు ఇచ్చేవాడు, ఆ ఇల్లు అమ్ముడైనా కాకపోయినా పోయేదేమీ లేనివాడు కావాలి. మునిసిపాలిటీ లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరైనా సరే, సివిల్ విభాగం ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో ఇలాంటి పరీక్షలు చేసే లెక్చరరైనా సరే. ఖర్చు అంటారా, 60 లక్షలకు రిజిస్టరు చేస్తే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, నాలుగున్నర లక్షలు నోరెత్తకుండా కడుతున్నాం.

ఇంజనీరు తెచ్చే పరికరాల గురించి కూడా తెలుసుకుని ఉంటే మంచిది, లేకపోతే అంకెలు చూసి మోసపోతాం. రీబౌండ్ హ్యామర్ అని ఒక స్ప్రింగు సుత్తి ఉంటుంది, కాంక్రీటు మీద నొక్కితే ఎంత వెనక్కి ఎగిరిందో దాన్నిబట్టి పై పొర గట్టిదనం చెప్తుంది. పాత కాంక్రీటుతో చిక్కేమిటంటే, ఇందాక చెప్పిన కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగే కొద్దీ పై పొర ఇంకా గట్టిపడుతుంది. అంటే చువ్వకు రక్షణ పోతున్న కొద్దీ సుత్తి మార్కులు పెరుగుతాయి! అందుకే ఒక్క హ్యామర్ రీడింగు చూసి "కాంక్రీటు సూపర్" అన్నారంటే సగం మాటే. పక్కనే చిన్న ముక్క చెక్కించి ఫినాఫ్తలీన్ చుక్కలు వేయించాలి, గులాబీ రంగుకు మారితే క్షారం మిగిలి ఉంది, రంగు మారకపోతే పోయింది. రంగు మారని లోతు చువ్వ దాకా చేరిందా అన్నదే అసలు లెక్క. అల్ట్రాసోనిక్ పరీక్ష లోపలి గుల్లలు, పగుళ్లు చెప్తుంది. హాఫ్ సెల్ అనేది చువ్వ దగ్గర ఓల్టేజీ కొలుస్తుంది, అది మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తుండే అవకాశం 90 శాతం పైమాటే. కోర్ కటింగ్ అన్నిటికంటే నమ్మకమైనది, కానీ అమ్మకముందే తన పిల్లరుకు చిల్లు పెట్టనిచ్చే ఓనరు నాకింకా తగల్లేదు. అన్ని ఇళ్లకూ అన్నీ అక్కర్లేదు, కంటి చూపుతో అనుమానం వచ్చిన చోట వాటిలో ఒకటో రెండో చాలు.

పునాది అడుగు, గోడలో పూడ్చిన పైపు ఇవేవీ ఏ ఇంజనీరూ చూడలేడు. రిపోర్టు గ్యారంటీ కాదు.

అసలు కష్టం అమ్మేవాళ్లను ఒప్పించడంలో ఉంది. "పెళ్లిచూపులకు డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చినట్టుందే" అన్నాడు ఒకాయన మా ముందే. ఇది అడ్వాన్సు ఇవ్వకముందే తేలాలి, ఇచ్చాక మీ మాటకు విలువ ఉండదు. ముందే టోకెన్ అడిగితే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి, ఫలానా తేదీలోపు ఇంజనీరుతో పరీక్ష చేయించుకునే వీలు, పెద్ద లోపం తేలితే అడ్వాన్సు వాపసు అని. "పెద్ద లోపం" అంటే ఏమిటో కూడా రాయాలి, రిపేరు అంచనా ఇంత మొత్తం దాటితే అని అంకె వేస్తే తగాదా ఉండదు. రిపోర్టు చేతికొచ్చాక కొనకుండా వెనక్కి రావాలనేం లేదు. తుప్పు సన్‌షేడ్‌ల దాకానే ఉంటే చెడిన కాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, పూత వేసి, పాలిమర్ మోర్టారుతో నింపే పనికి కొటేషన్ తీసుకుని ధరలో తగ్గించమనొచ్చు. పిల్లర్ల పునాది దగ్గరే తుప్పు ఉంటే, ఇల్లు ఎంత నచ్చినా, స్థలం రేటు లెక్కేసుకుని మాట్లాడాల్సిందే. పైకి సిమెంటు పూసేసి ఇస్తాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు, లోపల తుప్పు అలాగే నడుస్తుంది.

మా అన్న శ్లాబుకు రిపేరు చేయించుకున్నాడు, వంటింటి గుమ్మం కూడా జరిపించుకున్నాడు, ఆ పట్టుదల వదల్లేదు. మొన్న ఒంగోలులో లాయరుపేట వైపు మా చెల్లెలి కోసం ఫ్లాటు చూద్దామని వెళ్లాం. బ్రోకరు హాల్లో నిలబడి ఈశాన్యం గురించి చెప్తూనే ఉన్నాడు. మా అన్న కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. బాల్కనీలో స్టూలెక్కి, పై బాల్కనీ అడుగును పది రూపాయల బిళ్లతో తడుతూ చెవి ఒగ్గి వింటున్నాడు.